తిరుపతి నుంచి మైలాపూరు: ఒక్క రోజులో చూసి రావాలనుకునే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైకి వెళ్లని ఇల్లు మన తిరుపతిలో ఉండదు. ఆసుపత్రికో, పెళ్లి చీరలకో, వీసాకో, పిల్లల్ని విమానం ఎక్కించడానికో పోతాం. పని కాగానే సెంట్రల్‌కి పరిగెత్తి రైలెక్కేస్తాం. నేనూ ఇరవై ఏళ్లు అలాగే చేశాను. మా అమ్మ కంటి ఆపరేషన్ రోజు, ఆమె లోపల ఉండగా నాలుగు గంటలు ఖాళీ దొరికింది. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన "ఇక్కడ కూర్చుని టెన్షన్ పడే బదులు మైలాపూరు వెళ్లి కపాలి దర్శనం చేసుకుని రా" అని ఆటో ఎక్కించాడు. ఆ నాలుగు గంటలు నాకు చాలలేదు. అప్పటి నుంచి ఏటా మూడు నాలుగు సార్లు వెళ్తున్నాను. చుట్టాలను, మా వీధి వాళ్లను వెంటబెట్టుకుని తీసుకెళ్తున్నాను. బయలుదేరే ముందు వాళ్లు అడిగే ప్రశ్నలనే ఇక్కడ రాశాను.

మైలాపూరులో అంత చూసేది ఏముంది? మెరీనా, టి.నగర్ చూస్తే చాలదా?

మెరీనాలో సముద్రం చూస్తాం, టి.నగర్‌లో చీరలు చూస్తాం. ఆ ఊరు ఎలా బతికిందో చూడాలంటే మైలాపూరు వెళ్లాలి. ఇంగ్లీషు వాళ్లు మదరాసుకు రాక ముందే, ఎన్నో వందల ఏళ్ల కిందటే, మైలాపూరు పేరున్న రేవు. 7వ శతాబ్దంలోనే ఇక్కడి శివుణ్ణి పాటల్లో పాడుకున్నారు. పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో ఇక్కడ దిగారు. ఇంగ్లీషు వాళ్లు దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర నేల తీసుకున్నది 1639లో, కోట కట్టుకున్నది ఆ తర్వాతే. ఆ నాయకులు మన చంద్రగిరి రాజుల కింద ఉన్నవాళ్లే. చంద్రగిరి కోట చూసిన వాళ్లకు చెన్నై పుట్టుక అంత కొత్తగా అనిపించదు.

ఇంకొక సంగతి. తిరుమలలో మనం మాడ వీధులు అంటామే, మైలాపూరులోనూ అదే మాట. గుడి చుట్టూ నాలుగు మాడ వీధులు, పక్కన కోనేరు, పూలంగళ్లు, పాత ఇళ్ల ముందు అరుగులు. మన గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల తిరిగిన వాళ్లకు అక్కడ దారి తప్పినా భయం వేయదు.

ఎలా వెళ్లాలి?

రైలే నయం. తిరుపతి నుంచి సెంట్రల్ సుమారు 150 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటల ప్రయాణం. పొద్దున్నే బయలుదేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం గుడి మూసే లోపల దర్శనం అవుతుంది. టైమింగులు అప్పుడప్పుడు మారుతుంటాయి, టికెట్ తీసేటప్పుడు చూసుకోండి.

సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్. అక్కడ వేళచ్చేరి వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కాలి. పట్టాలు వంతెన మీద ఉంటాయి కాబట్టి అక్కడి వాళ్లు దాన్ని పరక్కుం రయిల్ అంటారు, అంటే ఎగిరే రైలు. చింతాద్రిపేట, చేపాక్, తిరువళ్లిక్కేణి, లైట్ హౌస్, ముండకకణ్ణి అమ్మన్ కోయిల్ దాటాక తిరుమయిలై వస్తుంది. అక్కడ దిగండి. టికెట్ పది రూపాయలకు మించదు. ఈ ప్రయాణం పిల్లలకు ఎంతో నచ్చుతుంది, కిటికీలోంచి మేడల మీద ఆరేసిన బట్టలు, దూరంగా సముద్రం కనిపిస్తాయి.

బస్సులో వెళ్తే మన బస్సులు మాధవరంలో ఆగుతాయి. అది ఊరికి ఉత్తరాన ఉంది. అక్కణ్ణుంచి మైలాపూరు చేరడానికి గంటకు పైగానే పట్టవచ్చు. రాత్రి తిరిగి రావడానికి మాత్రం ఆ బస్సులే పనికొస్తాయి.

సొంత కారులో పోకూడదా?

పోవచ్చు, కానీ నేను వద్దనే చెప్తాను. మాడ వీధుల్లో బండి పెట్టే చోటు దొరకదు. కొన్నేళ్లుగా మెట్రో పనులకు మైలాపూరులోనే ఉన్న లజ్ అనే పేట చుట్టుపక్కల రోడ్లు తవ్వి ట్రాఫిక్ మళ్లిస్తున్నారు. ఒకసారి పది మందిమి వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాం. పార్కింగ్ వెతకడంలోనే గంటన్నర పోయింది. బండి వాళ్లేమో మూడు గంటలకల్లా బయలుదేరాలని పట్టుబట్టారు. గోపురం చూసి, కాఫీ తాగి వచ్చేశాం. మా పిన్ని ఇప్పటికీ "నువ్వు చూపించిన మైలాపూరు అంతేనా" అంటుంది.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుంటే వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మే నెల ఎండ, సముద్రపు ఉక్క కలిస్తే నడవలేరు.

నన్నడిగితే ధనుర్మాసమే. వాళ్లకు అది మార్గళి. ఆ నెలంతా తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు కదా, మైలాపూరు వీధుల్లో తెల్లవారుజామున అదే వినిపిస్తుంది. గడప గడపకూ ముగ్గులు. ఆడవాళ్లు అరుగు మీద బియ్యప్పిండి గిన్నె పెట్టుకుని, వంగి, ఒక్క చుక్క కూడా తప్పకుండా చుక్కల ముగ్గు వేసుకుంటూ పోతారు. నిలబడి చూస్తే విసుక్కోరు, చిన్నగా నవ్వుతారు.

పంగుని మాసంలో, అంటే మార్చి-ఏప్రిల్ నెలల్లో, కపాలీశ్వరుడి బ్రహ్మోత్సవం వస్తుంది. అందులో ఎనిమిదో రోజు అరుబత్తు మూవర్. నాయనార్లు అనే 63 మంది శివభక్తుల విగ్రహాలను పల్లకీల్లో ఊరేగిస్తారు. వీధి పొడవునా పందిళ్లు వేసి మజ్జిగ, పానకం, అన్నం పంచిపెడతారు. ఆ 63 మందిలో ఒకరు కణ్ణప్ప నాయనారు, మన శ్రీకాళహస్తి కన్నప్ప. ఆ జనంలో మన కన్నప్పను వెతికి దణ్ణం పెట్టుకున్నప్పుడు కలిగే సంతోషం వేరు. రద్దీ మాత్రం చాలా ఎక్కువ. చిన్న పిల్లలతో ఆ రోజు వద్దు.

గుడిలో ఏమేం చూడాలి?

కపాలీశ్వర ఆలయం పల్లవుల కాలం నాటిది. మొదటి గుడి సముద్రపు ఒడ్డున ఉండేదని, పోర్చుగీసు వాళ్ల కాలంలో అది పోయిందని, ఇప్పుడున్నది విజయనగర రాజుల కాలంలో కట్టిందని చెప్తారు. తూర్పు రాజగోపురం 1906లో కట్టారు, ఎత్తు సుమారు 120 అడుగులు. తల పైకెత్తి చూడ్డానికి పొద్దుటి పూట బాగుంటుంది, ఎండ నేరుగా బొమ్మల మీద పడుతుంది.

స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, కోనేరూ పడమటి వైపే. అమ్మవారు కర్పగాంబాళ్. ఆమె నెమలి రూపంలో ఈశ్వరుణ్ణి పూజించిందని స్థలపురాణం. తమిళంలో నెమలిని మయిల్ అంటారు, మైలాపూరు పేరు దాని నుంచే. లోపల పొన్నచెట్టు కింద చిన్న గుడి ఉంది, అందులో నెమలి లింగానికి పూజ చేస్తున్నట్టు ఉంటుంది. పెద్ద గోపురం చూసిన తొందరలో చాలామంది దాన్ని దాటేసి పోతారు. అక్కడ ఐదు నిమిషాలు ఆగండి.

పూంబావై కథ కూడా పిల్లలకు చెప్పండి. పాము కరిచి చనిపోయిన కూతురి అస్థికలను తండ్రి కుండలో దాచి ఉంచాడట. శివభక్త కవి జ్ఞానసంబంధర్ వచ్చి పదికం, అంటే పది పద్యాల పాట, పాడితే ఆ పిల్ల లేచి నిలబడిందట. ఊళ్లో జరిగే పండగలన్నీ ఒక్కొక్కటిగా చెప్పి, "ఇవేవీ చూడకుండానే పోతావా అమ్మా" అని ఆ పిల్లను అడిగినట్టు ఉంటుంది ఆ పాట. ఎప్పుడు గుర్తొచ్చినా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో గుడి మూసి, సాయంత్రం నాలుగు తర్వాత తెరుస్తారు. తిరుమలలో లాగా కంపార్ట్‌మెంట్లు, గంటల తరబడి క్యూ ఉండవు. మామూలు రోజుల్లో అరగంటలో దర్శనం అయిపోతుంది.

వైష్ణవులకు కూడా అక్కడ గుళ్లున్నాయా?

ఉన్నాయి. పన్నిద్దరు ఆళ్వార్లలో మొదటి ముగ్గురిలో ఒకరైన పేయాళ్వారు పుట్టింది మైలాపూరులోనే. ఆదికేశవ పెరుమాళ్, మాధవ పెరుమాళ్, వేదాంత దేశికర్ గుళ్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. కేశవ పెరుమాళ్ గుడి దగ్గర చిత్రకుళం అనే కోనేరు ప్రశాంతంగా ఉంటుంది. దారిలో తిరువళ్లిక్కేణిలో దిగితే పార్థసారథి స్వామి గుడి, అది దివ్యదేశం, అంటే ఆళ్వార్లు పాడిన క్షేత్రం. అయితే అన్నీ ఒక్క రోజులో పెట్టుకుంటే ఏ ఒక్కటీ మనసుకు పట్టదు. మా అత్తలాంటి వాళ్లు గుళ్ల లెక్క చూసుకుంటారు, వాళ్లకు నచ్చచెప్పడం కష్టం.

తెలుగువాళ్లుగా మనం అక్కడ ముఖ్యంగా చూడాల్సింది ఏమిటి?

నేను మళ్లీ మళ్లీ వెళ్లేది దీని కోసమే.

మన జిల్లా 1911 దాకా ఉత్తర ఆర్కాటులో భాగం. 1953 దాకా మదరాసు మన రాజధాని. కోర్టు కేసైనా, పెద్ద చదువైనా, పత్రికైనా అక్కడికే. అందుకని మన రాష్ట్రం కథలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని మైలాపూరు ఇళ్లలో జరిగాయి. గుడి నుంచి పావుగంట నడిస్తే ఆ చోట్లన్నీ వస్తాయి. మనవాళ్లు ఎదురుగా ఆటోలో పోతూ కూడా తల తిప్పి చూడరు. తెలియక, అంతే.

మొదట లజ్ చర్చి రోడ్డు. అక్కడ నాగేశ్వరరావు పార్కు ఉంది. ఆ నాగేశ్వరరావు మన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. తలనొప్పి వస్తే మన అమ్మమ్మలు నుదుటికి రాసుకున్న పసుపుపచ్చ అమృతాంజనం ఆయనదే. 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆ మందు మీద వచ్చిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారు, 1914లో దాన్ని మదరాసు తెచ్చి దినపత్రిక చేశారు, 1924లో భారతి మాసపత్రిక పెట్టారు. పార్కులో పెద్ద చెట్లు, బెంచీలు, పొద్దున సాయంత్రం నడిచేవాళ్లు. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి ఆ పేరు వెనకున్న మనిషి తెలియదు. మా నాన్నను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు గేటు దగ్గర బోర్డు మీది తమిళ అక్షరాలను కూడబలుక్కుని చదివి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. పార్కులో చెప్పులెందుకు విప్పావని నేను అడగలేదు.

శ్రీబాగ్ ఒప్పందం అంటారే, అది ఇక్కడిదేనా?

అవును. శ్రీబాగ్ అంటే ఊరు పేరనుకుంటారు చాలామంది. అది మైలాపూరులో నాగేశ్వరరావు పంతులు గారి ఇంటి పేరు. 1937 నవంబర్ 16న ఆ ఇంట్లో కోస్తా నాయకులు, రాయలసీమ నాయకులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆంధ్రరాష్ట్రం రావాలని అందరికీ ఉంది. కానీ వస్తే తమను పట్టించుకోరేమోనని సీమ వాళ్లకు అనుమానం. ఆ అనుమానం తీర్చడానికి రాసుకున్న మాటలే ఆ ఒప్పందం.

అందులో ఏముందో మన పిల్లలకు చెప్పాలి. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల విషయంలో పదేళ్లపాటు సీమకు ముందు చూడాలి. రాజధాని, హైకోర్టు ఒక్కో ప్రాంతంలో ఒక్కొక్కటి ఉండాలి, అందులో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. 1953లో కర్నూలు రాజధాని అయి, 1954లో గుంటూరులో హైకోర్టు వచ్చిందంటే దాని వెనక ఈ మాట ఉంది. విశ్వవిద్యాలయం సంగతి వేరే దారి తిరిగి, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంగా మన తిరుపతికి వచ్చింది. నేను చదివింది అక్కడే. సీమకు నీళ్ల గురించి ఇవాళ ఎవరు మాట్లాడినా శ్రీబాగ్ పేరు ఎత్తుతారు, ఆ ఇల్లున్న పేటలో నిలబడి ఆ మాట తలుచుకోవడం వేరుగా ఉంటుంది. ఒప్పందం జరిగిన కొన్ని నెలలకే, 1938 ఏప్రిల్‌లో, పంతులు గారు పోయారు.

పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేసిన ఇల్లు ఎక్కడ?

రాయపేట హైరోడ్డులో, 126వ నంబరు. అది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. ఆయన 1937లో మదరాసు శాసనసభకు స్పీకరు అయినవారు. 1952 అక్టోబర్ 19న శ్రీరాములు గారు ఆ ఇంట్లో దీక్ష మొదలుపెట్టారు. డిసెంబర్ 15 రాత్రి, 58వ రోజున, అక్కడే ప్రాణం విడిచారు. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ ఆంధ్రరాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది. ఆ చోట ఇప్పుడు ఆయన స్మారక భవనం ఉంది. లజ్ నుంచి నడిచే వెళ్లవచ్చు.

పెద్ద రోడ్డు, బస్సుల హారన్లు. చుట్టూ చెన్నై తన పనిలో తాను ఉంటుంది. ఆయన ఏ ఊరు మనకు కావాలన్నారో ఆ ఊరు మనకు రాలేదు, ఆయన ప్రాణం పోయిన ఇల్లు అక్కడే ఉండిపోయింది. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ అక్కడికి వచ్చినప్పుడు సంచిలోంచి మల్లెపూల పొట్లం తీసింది. పొద్దున తిరుపతి స్టేషన్ దగ్గర కొన్న పూలు, గుడిలో ఇస్తుందేమో అనుకున్నాం. తడి అరిటాకులో చుట్టి ఉన్నా అప్పటికి కొంచెం వాడాయి. ఆమె పొట్లం విప్పి అక్కడ పెట్టి, చేతులు జోడించి, ఏమీ మాట్లాడకుండా వచ్చేసింది. మీరు వెళ్తే ఒక మూర పూలు పట్టుకెళ్లండి.

ఇంకెవరైనా మన వైపు వాళ్లు ఉన్నారా?

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. తిరుత్తణిలో పుట్టి, 1896 నుంచి 1900 దాకా మన తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. రాష్ట్రపతి పదవి అయ్యాక మైలాపూరులో 'గిరిజ' అనే ఇంట్లో ఉన్నారు, 1975లో మదరాసులోనే కన్నుమూశారు. ఆ ఇల్లున్న ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డుకే ఇప్పుడు రాధాకృష్ణన్ శాలై అని పేరు. తిరుత్తణి కూడా మన జిల్లాలోనే ఉండేది, 1960లో అప్పటి మదరాసు రాష్ట్రంలో, అంటే ఇప్పటి తమిళనాడులో, కలిసింది.

చర్చిలు చూడవచ్చా?

తప్పకుండా. లజ్ చర్చి 1516లో పోర్చుగీసు వాళ్లు కట్టింది, ఈ ఊళ్లో చాలా పాత కట్టడాల్లో ఒకటి. సముద్రంలో దారి తప్పిన నావికులకు ఒక వెలుగు కనిపించి ఒడ్డుకు నడిపించిందని, అది ఆగిన చోట గుడి కట్టారని కథ. పోర్చుగీసులో లజ్ అంటే వెలుగు. అప్పుడు చుట్టూ చెట్లే, అందుకే తమిళంలో కాట్టుకోవిల్ అన్నారు, అంటే అడవి గుడి. చిన్నది, తెల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది.

శాంథోమ్ చర్చి పెద్దది. ఏసు శిష్యుడు తోమా సమాధి మీద కట్టారని నమ్మకం. ఇప్పుడు కనిపించే ఎత్తైన శిఖరం ఉన్న తెల్లటి కట్టడం 1896 నాటిది. కింద సమాధి గది ఉంది, అక్కడ మాట్లాడకూడదు. వెనకే సముద్రం.

రామకృష్ణ మఠం?

వెళ్లండి. దక్షిణాదిలో రామకృష్ణ మఠం పని మొదలైంది 1897లో, ఈ ఊళ్లోనే. 2000లో ప్రతిష్ఠ చేసిన పెద్ద ఆలయంలో అరగంట కళ్లు మూసుకుని కూర్చుంటే కాళ్ల నొప్పులు కూడా తగ్గుతాయి. పుస్తకాల అంగడి ఉంది.

మాడ వీధుల్లో ఏం కొనవచ్చు?

పూజ సామాను, ఇత్తడి దీపాలు, భరతనాట్యం పిల్లలు పెట్టుకునే రాళ్ల నగలు, పట్టుచీరలు. నగల్లో అసలువీ ఉంటాయి, గిల్టువీ ఉంటాయి, అడిగి తెలుసుకుని కొనండి.

నవరాత్రుల ముందు వెళ్తే మాత్రం వేరే ఏమీ చూడరు. ఉత్తర మాడ వీధి పొడవునా బొమ్మల అంగళ్లు పెడతారు. మట్టివి, కాగితపు గుజ్జువి. దశావతారాలు, పెళ్లి ఊరేగింపు, చెట్టియార్ అంగడి, క్రికెట్ టీమ్ కూడా. నేను ఒకసారి వీణ పట్టుకున్న సరస్వతిని తీసుకున్నాను. అంగడామె దాన్ని వెంటనే చుట్టలేదు. ముందు వెలుగులోకి పట్టుకెళ్లి తిప్పి చూసింది. ముక్కు పక్కన రంగు చిన్న చుక్కంత లేచి ఉంది. "ఇది వద్దు" అని పక్కన పెట్టి, వెనక నుంచి ఇంకొకటి తెచ్చి, గడ్డి పెట్టి, పేపరు చుట్టి, వీణ ఉన్న వైపు పైకి ఉండాలని చేత్తో చూపించింది. తిరుపతి దాకా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. ఎనిమిదేళ్లుగా మా కొలువులో రెండో మెట్టు మీద ఉంది.

బేరం ఆడవచ్చు, కానీ పది రూపాయల కోసం చేసినవాళ్ల మనసు కష్టపెట్టొద్దు.

తిండి సంగతి?

పొద్దున దిగగానే అరుండేల్ వీధిలో రాయర్ మెస్. ఇడ్లీ, పొంగల్, గెట్టి చట్నీ, పలచగా ఫిల్టర్ కాఫీ కాదు, చిక్కటిది. చోటు చిన్నది కాబట్టి బయట నిలబడాలి. తూర్పు మాడ వీధిలో కర్పగాంబాళ్ మెస్ కూడా పాతదే. పొన్నంబల వాత్తియార్ వీధిలో జన్నల్ కడై ఉంది. జన్నల్ అంటే కిటికీ. నిజంగానే ఇంటి కిటికీలోంచి బజ్జీలు, పొంగల్ చేతికిస్తారు, వీధిలో నిలబడి తింటాం. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు మాత్రమే.

దక్షిణ మాడ వీధిలో కాళత్తి అనే పేపర్ల అంగట్లో రోజ్‌మిల్క్ తాగకుండా రాకండి. మన శ్రీకాళహస్తిని తమిళంలో కాళత్తి అనే అంటారు, బోర్డు చూడగానే మా ఇంట్లో పిల్లలు "మన ఊరి అంగడి" అని పరిగెత్తారు.

కారం విషయంలో మనవాళ్లకు చప్పగానే ఉంటుంది. సాంబారులో తీపి తగులుతుంది. ఊరిబిండి, సంకటి లేనిదే ముద్ద దిగని మా మామయ్య లాంటి వాళ్లుంటే చిన్న డబ్బాలో చెనిక్కాయల పొడి పట్టుకెళ్లండి. గుడి చుట్టుపక్కల ఎక్కువగా శాకాహార హోటళ్లే.

తమిళం రాకపోతే ఇబ్బందా?

లేదు. చిత్తూరు జిల్లా వాళ్లకు సగం తమిళం ఎలాగూ వచ్చేసి ఉంటుంది. రాని వాళ్లు తెలుగులోనే నెమ్మదిగా మాట్లాడండి, అంగళ్లలో చాలామందికి అర్థమవుతుంది. "తిరుపతి నుంచి వచ్చాం" అన్నారంటే చాలు, ముందు లడ్డూ అడుగుతారు. నేను ఇప్పుడు సంచిలో రెండు మూడు లడ్డూలు వేసుకునే వెళ్తున్నాను. ఆటో వాళ్లతో మాత్రం ఎక్కక ముందే రేటు మాట్లాడుకోండి, లేదా యాప్‌లో బుక్ చేసుకోండి.

డిసెంబర్ కచేరీలకు మనలాంటి వాళ్లు వెళ్లవచ్చా? సంగీతం తెలియాలా?

తెలియక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా సభలన్నీ కిటకిటలాడతాయి. మైలాపూరులో భారతీయ విద్యా భవన్, రసిక రంజని సభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ క్లబ్. దగ్గర్లోనే 1928లో పుట్టిన మ్యూజిక్ అకాడమీ. పెద్దవాళ్లు పాడే సాయంత్రం కచేరీలకు టికెట్ కొనాలి. పొద్దున, మధ్యాహ్నం కుర్రవాళ్లు పాడేవి చాలావరకు ఉచితం, నేను ఎక్కువగా వెళ్లేది వాటికే. సభల్లో క్యాంటీన్లు పెడతారు, కచేరీ వినకుండా తినడానికే వచ్చేవాళ్లూ ఉంటారు.

అక్కడ పాడేవాటిలో ఎక్కువ భాగం తెలుగే. త్యాగరాజస్వామి తెలుగు, మన తాళ్లపాక అన్నమయ్య తెలుగు. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న మామి నోటుబుక్కులో సాహిత్యమంతా తమిళ లిపిలో రాసి ఉంది. నేను తెలుగుదాన్నని తెలియగానే ఒక మాట మీద వేలు పెట్టి అర్థం అడిగింది. 'చనువు'. ఎంత తేలిక మాట, ఎంతసేపు చెప్పాల్సి వచ్చింది! దగ్గరితనం అన్నాను, అడగకుండా తీసుకునే హక్కు అన్నాను, చివరికి మనవరాలు తాత ఒళ్లో ఎక్కి మీసం లాగుతుంది చూడండి, అది అన్నాను. ఆమె నవ్వి, పక్కన పెన్సిల్‌తో రాసుకుంది. నలభై ఏళ్లుగా ఆ పాట పాడుతోందట.

పెద్దవాళ్లు నడవగలరా?

మాడ వీధులు, గుడి వరకు నడవగలరు. ఫుట్‌పాత్‌లు అంత బాగుండవు, బండ్లు మీదికే వస్తాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు లజ్‌కి, శాంథోమ్‌కి ఆటో మాట్లాడండి. మధ్యాహ్నం గుడి మూసిన వేళ ఎండలో తిప్పకుండా ఎక్కడైనా కూర్చోబెట్టి అన్నం పెట్టించండి. లోకల్ రైలు స్టేషన్ ఎత్తులో ఉంటుంది, మెట్లు ఎక్కలేని వాళ్లకు సెంట్రల్ నుంచే ఆటో మేలు. సామాను ఎక్కువుంటే సెంట్రల్‌లో క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి.

ఫొటోలు తీసుకోవచ్చా?

వీధుల్లో, కోనేటి గట్టున, గోపురానికి తీసుకోవచ్చు. గర్భగుడి దగ్గర వద్దు. ముగ్గులేసే వాళ్లను, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లను తీసే ముందు అడగండి.

సాయంత్రం రైలుకే తిరిగి రావాలా?

అందరూ అదే చేస్తారు, అక్కడే మైలాపూరు చేజారిపోతుంది. సాయంత్రం రైలు పట్టుకోవాలంటే మూడుంబావుకే కదలాలి. గుడి మళ్లీ తెరిచేది నాలుగుకు. ఐదు దాటాక వీధి లేస్తుంది. పూలమ్మేవాళ్లు తడిగుడ్డలు తీసి మల్లె, కనకాంబరాలు బయట పెడతారు, నాదస్వరం మొదలవుతుంది, కోనేటి నీళ్లలో గోపురం దీపాలు కనిపిస్తాయి. ఆఫీసు నుంచి వచ్చే ఆడపిల్లలు చెప్పులు విప్పి, బ్యాగుతోనే ఒక్క నిమిషం గుడి ముందు నిలబడి వెళ్లిపోతారు.

అందుకని నేను మా వాళ్లకు ఏడున్నర దాకా అక్కడే ఉందామని ముందే చెప్తాను. టిఫిన్ తిని, మాధవరం చేరుకుని, రాత్రి బస్సు ఎక్కితే అర్ధరాత్రి దాటాక తిరుపతిలో దిగుతాం. ఆ వేళకు బస్టాండ్ బయట టీ అంగళ్లు తెరిచే ఉంటాయి.